తోలు తాబేటి పద్యమునకు టీకా తాత్పర్యములు

అవతారిక

మహాకావ్యములకు వ్యాఖ్య వ్రాయువారు మహాపండితులు; వారికి కొదువ లేదు. చిల్లర వస్తువులకు వ్యాఖ్యాత దొరకకపోవుటచేత అవి అర్థముగాక చెడిపోవుటలేదు గాని, చూచినంతనే అర్థమైపోయినవను భ్రమకు గురియై చులకనైపోవుచున్నవి. జపాను దేశమున ఒక మనుష్యుని రబ్బరు తొడుగులో దూర్చి, అట్టతోను ప్లాస్టరుతోను కట్టిన పట్టణము మీదికి వానిని తోలి, ఆ తొక్కుడును మహామృగ విజృంభణమని లోకమునకు చూపిన చలనచిత్రములు, ఆ దేశమువారు కైజూ చిత్రములని పిలుచునవి, అట్టి చులకనకు లోనైన వానిలో నొక తెగ. ఆ తెగలోను సంపన్నుల చిత్రములను ప్రక్కకు నెట్టి, చేతిలో కాసు లేక, ఉన్న తొడుగునకే అతుకులు వేసి, పాత చిత్రపు ముక్కలను క్రొత్త చిత్రమునకు కుట్టి, పిల్లల బడి సెలవులనాటికి ఎట్లో తెరమీదికి తెచ్చిన చిత్రములనే ఇచ్చట వ్యాఖ్యేయముగా గ్రహించుచున్నాము.

వ్యాఖ్యకు మూలము కావలెను గదా. జపాను రాకాసుల మీద తెలుగున పద్యము మాకు దొరకకపోవుటచేత వ్యాఖ్యాతయే ఒక తేటగీతిని కట్టుకొనవలసి వచ్చెను. మూలకర్తయు వ్యాఖ్యాతయు నొక్కడే యగుటలో ఒక సౌకర్యము కలదు: నా హృదయము నీకు తెలియలేదని కవి వచ్చి వాకిట కలహింపడు. పద్యమిది.

తోలు తాఁబేటి కడుపులోఁ దూఱి నిలిచి
యట్టమేడల నన్నింటి నడఁచి వైచి
తీఁగె గనుపడ నాకాశదేశమందుఁ
దిరుగు వేల్పునుఁ గనుఁగొన్నఁ దీఱు వెతలు.

ప్రతిపదార్థము

తోలు = రబ్బరుతో పోసిన చర్మము గల; తాఁబేటి = తాబేలుయొక్క; కడుపులోన్ = ఉదరకుహరమందు; తూఱి = ప్రవేశించి; నిలిచి = రెండు కాళ్ల మీద నిలువబడి (ఇది తాబేటికి స్వభావము కాదు, లోపలివానికి స్వభావము); అట్టమేడలన్ = అట్టతో, చెక్కతో, ప్లాస్టరుతో కట్టిన సౌధములను; అన్నింటిన్ = ఒక్కటియు విడువక (ఒక్కొక్క మేడకు ఎంత వ్యయమైనదో నిర్మాత ఎరుగును గనుక ఏదియు వృథాగా నిలిచిపోరాదని భావము); అడఁచి వైచి = నలియ ద్రొక్కి; తీఁగె = తన్ను మోయుచున్న లోహతంతువు; కనుపడన్ = చూపరులకు గోచరించుచుండగా; ఆకాశదేశమందున్ = నీలిరంగు పూసిన తెర యెదుట; తిరుగు = గిరగిర భ్రమించునట్టి; వేల్పునున్ = దైవమును; కనుఁగొన్నన్ = చూచినయెడల; వెతలు = మనోవ్యథలు; తీఱున్ = శమించును.

తాత్పర్యము

మనిషి దూరిన రబ్బరు తాబేలు ఊరంతయు తొక్కి, తీగె కనబడుచుండగనే ఆకాశమున తిరుగును; దానిని చూచినవారికి బెంగ తీరును. ఇంతే. తాత్పర్యము ఇంత చిన్నదగుటచేతనే విశేషములు పెద్దవి కావలసివచ్చినవి.

అధికారి నిరూపణము

బరంపురమున కూర్చుండి జపాను రాకాసులకు వ్యాఖ్య వ్రాయుటకు నీకెక్కడి అధికారమను ప్రశ్న రాకమానదు. వేదాంత గ్రంథములు సైతము అధికారి, విషయము, సంబంధము, ప్రయోజనము అను నాలుగు అనుబంధములను ముందు తేల్చుకొనిగాని కదలవు. రబ్బరు తాబేటి విషయమున మాత్రము ఆ మర్యాద ఏల తప్పవలెను? విషయము తాబేలు. ప్రయోజనము పద్యముననే యున్నది. ఇక అధికారి యెవ్వడన, గంజాము జిల్లావాడు. సంబంధ మేమన, కాళ్లు.

కాళ్లని ఏల యంటిమో వివరించెదము. దక్షిణ ఒడిశాలో, విశేషించి గంజాము పల్లెలలో, పశుముఖ నృత్యమను నొక వేడుక కలదు. పేము బద్దలతో పులిదో, ఎద్దుదో, గుఱ్ఱముదో దేహమును చట్రముగా అల్లి, దానిమీద రంగులు వేసిన గుడ్డను కప్పి, ఇద్దరు మనుష్యులు అందులో దూరుదురు. వారి నాలుగు కాళ్లే మృగమునకు నాలుగు కాళ్లు. ఠాకురాణి ఊరేగింపునకు ముందును, పెండ్లికొడుకు తరలునపుడు వధువు ఇంటి వరకును, ఆ మృగము వాద్యముల మోతకు ఆడుచు పోవును. ముందువానికి మెడ దగ్గర విడిచిన సందునుండి వీథి కనబడును. వెనుకవానికి ముందువాని వీపు తప్ప వేరు జగత్తు లేదు. ముందువాడు గంతు వేసిన రెప్పపాటునకు వెనుకవాడు వేయును. ఆ చిన్న యెడమే ఎద్దునకు ప్రాణము. మేము చూచిన ఒక యెద్దునకు ముందు కాళ్లు రెండును వట్టి కాళ్లు, వెనుక కాళ్లు రెంటికిని నీలిరంగు వారుల హవాయి చెప్పులు. అది మా వాకిట నిలిచినపుడు మా మేనత్త లోపలినుండి పసుపు కుంకుమల పళ్లెముతో వచ్చి, కొమ్ముల నడుమ భక్తితో బొట్టు పెట్టి, చేతులు జోడించి, వెనువెంటనే తల త్రిప్పి కోడలితో, "ఎండ మండిపోతోందమ్మా, లోపలున్నోళ్లకి మజ్జిగ పట్టుకురా" అనెను. దేవర యెద్దును, దాహము గొన్న మనిషిని ఒక్క ఊపిరిలో ఆమె గుర్తించినది. ఒకటి నిజమైనచో రెండవది అబద్ధము కావలెనను తగవు ఆమె మనసున పుట్టనేలేదు. జపాను రాకాసి చిత్రము చూచుటకు కావలసిన విద్య ఇదియే. అది ఆమెకు చిత్రమేదియు చూడకమునుపే అలవడియున్నది.

ఇట్టి విద్య ఈ యూర పుట్టుటకు కారణములు వెదకనక్కరలేదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన క్రొత్తగా ఒడిశా రాష్ట్ర మేర్పడి, అంతవరకు చెన్నపట్నపు పాలనలో నున్న గంజాము అందులో కలిసినది మొదలుకొని, ఇచ్చటి తెలుగువాడు ఇంట నొక భాషయు, వీథిలో నొక భాషయు పలుకుచు, రెంటిలోను తానే యగుచు బ్రతుకుచున్నాడు. ఇక రెండేండ్ల కొకమారు చైత్రమున వచ్చు ఠాకురాణి యాత్ర సంగతి చెప్పవలెనా? తెలుగు దేశమునుండి పూర్వము మహురి రాజుల కాలమున పట్టు నేయుటకు వచ్చి స్థిరపడిన నేతవారి పెద్ద, దేశీబెహరా యను బిరుదు వహించినవాడు, బూఢీ ఠాకురాణిని ఆడపడుచుగా పుట్టింటికి పిలిచికొని వచ్చి, తమ వీథిలో కట్టిన తాత్కాలిక మందిరమున నిలుపుకొనును. అమ్మవారు పుట్టింట నున్నన్నాళ్లు ఊరంతయు వేషములే. వేషము వేయుట వినోదము కాదు, మ్రొక్కు. బిడ్డకు జ్వరము తగ్గినచో పులినయ్యెదనని మ్రొక్కుకొన్నవాడు పులి యగును. ఒడలంతయు పసుపురంగు పూసికొని, అది ఆరువరకు చేతులు చాచి నిలువబడి, పిమ్మట నల్లని చారలు దిద్దించుకొని, తోక కట్టించుకొన్నవాడు రంగు చెరగునను భయముచేత ఎచ్చటను కూర్చుండలేడు. పెదవుల రంగు అంటకుండ ఎవరో ఒకరు వాని నోట తేనీరు ఎత్తి పోయవలసినదే. అట్టి పులిని చూచి జడియు చంటిపిల్లలును, ఆ పులితో నిలువబడి పద్దుల మాట మాటాడు షావుకారును ఒకే అరుగు మీద కనబడుదురు. మా అధికారము నిరూపితమైనదని తలంచుచున్నాము.

తోలు

మూలమున తోలనగా రబ్బరు. ఈ సంప్రదాయమునకు ఆదిగ్రంథము తోహో సంస్థవారు 1954 నవంబరు 3వ తేదీన విడుదల చేసిన గాడ్జిల్లా. దర్శకుడు ఇషిరో హోండా. మాయాదృశ్యముల కర్త ఎయిజి త్సుబురాయా. అది చవుక చిత్రము కాదు. ఆనాటి జపాను చిత్రములలో మిక్కిలి వ్యయమైన వానిలో నొకటి. నవ్వు పుట్టించుటకు తీసినదియు కాదు. ఆ యేడు మార్చి 1న అమెరికావారు బికినీ దీవియొద్ద ప్రేల్చిన హైడ్రోజను బాంబు బూడిద జపాను చేపల పడవ మీద రాలినపుడు ఆ దేశమునకు కలిగిన వణకు అందులో ఘనీభవించి యున్నది. 1933 నాటి అమెరికా చిత్రము కింగ్ కాంగ్‌లో బొమ్మను ఇంచుకించుకగా కదలించి ఒక్కొక్క ఛాయాచిత్రమే తీసిన రాజమార్గమనిన త్సుబురాయాకు ప్రాణము. కాని ఆ మార్గమున పోవుటకు కాలము చాలదు. గత్యంతరము లేక మనిషిని తొడుగులో దూర్చిరి. ఆపద్ధర్మముగా చేసినది సంప్రదాయమై కూర్చుండుట లోకమున క్రొత్త కాదు.

దూరినవాని పేరు హరువో నకజిమా. ఆ యేడే కురొసావా తీసిన సెవెన్ సమురాయ్‌లో దొంగలలో నొకడై కత్తివ్రేటునకు కూలిన చిన్న నటుడు. మొదట చేసిన తొడుగు సుమారు 100 కిలోల బరువు. అందులో నాలుగడుగులు నడచుటయే గగనమైనది. తేలికపరచి మఱియొకటి చేసిరి గాని దీపముల వేడికి లోపల చెమట పిండుకొనవలసినదే. అయినను అతడు ఉయెనో జంతుశాలకు పోయి ఏనుగు బరువు మోపు తీరును, ఎలుగు మెడ త్రిప్పు తీరును పరిశీలించి వచ్చి, 1972 వరకు ఆ వేషమును విడువలేదు. రాకాసి అరపు సంగతియు వినదగినదే: సంగీతకర్త అకిరా ఇఫుకుబే డబుల్ బాస్ అను నిలువెత్తు వాద్యపు తంత్రులను సడలించి, బంక పూసిన తోలు చేతొడుగుతో వానిని రాచి ఆ ధ్వనిని పుట్టించెను. అనగా మా పద్యములోని తోలును, తీగెయు ఆ మృగము కంఠముననే యున్నవి.

భరతముని ఈ కళ నెరుగడని ఎవరైన ననినచో, వారు నాట్యశాస్త్రమున ఆహార్యాభినయ ప్రకరణమును చదువలేదన్నమాట. రంగస్థలమునకు కావలసిన కొండలను, రథములను, మృగములను కృత్రిమముగా నిర్మించుటకు ఆయన పుస్తమని పేరు పెట్టి, చాపలు, వస్త్రములు, తోళ్లు కూర్చి చేయునది సంధిమమనియు, యంత్రముచే కదలించునది వ్యాజిమమనియు, చుట్టలు చుట్టి చేయునది వేష్టిమమనియు మూడు తెగలుగా విభజించినాడు. రబ్బరు తొడుగు సంధిమము. తీగెతో నెగురుట వ్యాజిమము. పేము చట్రమునకు గుడ్డ చుట్టిన మా యెద్దు ఏ తెగలోనిదన, సంధిమముననే చేర్చుట మాకు సమ్మతము. వేష్టిమమనువారితో పోరాడుటకు మేము సిద్ధముగా లేము.

ఇక తాబేలు. 1965 నవంబరులో దాయెయ్ అను సంస్థవారు, నొరియాకి యువాసా దర్శకత్వమున, గమేరా యను చిత్రమును నలుపు తెలుపులలో విడుదల చేసిరి. కురొసావా తీసిన రషోమన్‌తో 1951లో వెనిస్ మహోత్సవమున స్వర్ణసింహమును గెలిచినది ఈ సంస్థయే. ఒక యింట పుట్టిన యన్నదమ్ములలో ఒకడు న్యాయాధిపతియు, ఒకడు పగటివేషగాడును కాగూడదా? గమేరాకు ముందు వారు నెజురా యను ఎలుకల చిత్రమునకు పూనుకొని, బ్రతికియున్న ఎలుకలనే తెచ్చి అట్టమేడల మీదికి వదలిరి. ఎలుకల వెంట వచ్చిన గోమారులు ఆవరణమంతయు వ్యాపించి పని నిలిచిపోయెను. నిజమైన మృగము చెడగొట్టిన పనిని తోలు మృగము చక్కబెట్టినదని ఇందువలన తెలియుచున్నది. లోకధర్మి కంటె నాట్యధర్మి ఏల మేలో చెప్పుటకు ఇంతకంటె గట్టి దృష్టాంతము మాకు తోచదు.

అట్టమేడలు

ఇందు చెప్పవలసినది కొంచెమే. గాడ్జిల్లాకు కట్టిన టోక్యో నిజమైన దానిలో 25వ వంతు. చిన్న మేడ పెద్ద మేడ కంటె త్వరగా కూలును. ఎత్తు 25వ వంతైనచో పడుటకు పట్టు కాలము 5వ వంతగును గనుక, లెక్కప్రకారము ఛాయాగ్రహణ యంత్రమును 5 రెట్లు వడిగా త్రిప్పి, చూపునపుడు మామూలు వేగమున చూపినగాని మేడకు మేడ బరువు రాదు. అందుచేత తెర మీద మందగమనమున తూలుచు వచ్చు మహామృగము, తీయునప్పుడు లోపల ఊపిరాడక వడివడిగా కాళ్లు విసరుచున్న ఒక బక్క మనుష్యుడు. డబ్బు తక్కువైన చిత్రములలో మేడలును తక్కువ. అట్టి వానిలో రాకాసులు పోయి పోయి బయలునందును, బంజరు దీవులందును, అన్యగ్రహములందును కొట్టుకొనును; అన్యగ్రహమున మేడలు కట్టనక్కరలేదు గదా.

తీగె

పద్యమునకు ఇది హృదయస్థానము. ఇచ్చట కొంచెము నిలువవలెను.

గమేరా నడచుచుండగా నటుడు లోపల నుండును. ఎగురునపుడు కాళ్లను చేతులను చిప్పలోనికి ముడుచుకొనును. ఆ రంధ్రములనుండి మంటలు చిమ్మును. అప్పుడది దీపావళినాటి భూచక్రమువలె గిరగిర తిరుగుచు పైకి లేచును. ఆ తిరుగునది వట్టి బొమ్మ. అందు మనిషి లేడు. మనిషి యున్నంతవరకు నేల మీద నుండి, మనిషి తొలగినంతనే ఆకాశమున కెగయు ఈ దైవముయొక్క వేదాంతమును ఇంతకంటె విప్పిచెప్పుట మాకిష్టము లేదు. బొమ్మను మోయుటకు తీగెలుండును. ధనికుల చిత్రములలో వానిని వెనుక తెర రంగులో కలిసిపోవునట్లు పూసి, దీపములను తప్పించి మరుగుపరచుదురు. పేదల చిత్రములలో అవి వెలుగు తగిలి తళుక్కుమనును.

మా మేనల్లుడు, మేనకోడలు సెలవులకు వచ్చినపుడు వారితో కూర్చుండి ఈ చిత్రములలో నొకదానిని చూచుచుండగా పూర్వపక్షము తానుగనే లేచెను. "ఏటి మామయ్యా, తీగ కనబడిపోతోంది గదా! ఇంక ఎగురుతున్నాదని ఎలా అనుకోడం?" అని మేనల్లుడనెను. నేను నాట్యశాస్త్రమును స్మరించుచు గొంతు సవరించుకొనులోపుగనే వాని చెల్లెలు, తెరనుండి చూపు మరల్పకయే, "మొన్న ఎద్దుకి చెప్పులు కనబడితే నువ్వు దండం పెట్టలేదేటి అన్నయ్యా? నోరుముయ్యి, పిల్లాడిని రక్షించడానికి వెళ్తోంది" అనెను. సిద్ధాంత మంతయు ఇందులో నున్నది. తరువాత వ్రాయునది దీని విస్తరణమే.

కాశ్మీర దేశపు శ్రీశంకుకుడు రసనిష్పత్తిని వివరించుచు చిత్రతురగ న్యాయమును చెప్పినాడు. గోడ మీద వ్రాసిన గుఱ్ఱమును చూచి గుఱ్ఱమందుము. ఇది నిజమైన గుఱ్ఱమను జ్ఞానము కాదు. కాదని తెలిసి బాధింపబడిన మిథ్యాజ్ఞానము కాదు. గుఱ్ఱమో కాదో అను సంశయము కాదు. గుఱ్ఱమువంటిదను సాదృశ్యజ్ఞానమును కాదు. ఈ నాలుగింటికిని వేరైన ప్రతీతి ఒకటి కలదు. నటుని రాముడనుకొనుట దానివలననే యని ఆయన మతము. తరువాతి యాలంకారికులు దీనిని ఖండించిరి. ఖండించినవారిలో నొక్కరైనను పేము గుఱ్ఱములో దూరిన యిద్దరు మనుష్యుల కాళ్లను చూచియుండరని మా యనుమానము. చూచియున్నచో శంకుకుని చిత్రమునకు కాళ్లు లేకపోవుటయే లోపమని సరిదిద్ది యుందురు. గోడ మీది గుఱ్ఱము మననుండి ఏమియు కోరదు. పేము గుఱ్ఱము కోరును. నీవు నవ్వినచో అది కూలును. నీవు సమ్మతించినచో అది సకిలించును. నిర్మాత సగమే ఇచ్చి, తక్కిన సగమును నీయొద్దనుండి అప్పు పుచ్చుకొనును; తీగె ఆ అప్పు పత్రము. అది కనబడుటచేత కల్పన చెడదు, కల్పనలో నీ వాటా ఎంతయో తెలియవచ్చును. అందుచేత పిల్లవాడు ఆ తాబేలును తనదిగా తలంచును; ఎవరి సొమ్ము పెట్టిన వస్తువు వారిది.

మన తెలుగువారికి ఈ అప్పు అలవాటు లేనిదని తలంపరాదు. జానపద చిత్రములకు పెట్టినది పేరైన బి. విఠలాచార్యులవారు ఎన్ని దయ్యములకు, ఎన్ని అస్థిపంజరములకు తీగెలు కట్టి ఆడించినారో! 1978లో వచ్చిన జగన్మోహినిలో దయ్యపు టిల్లాలు పొయ్యిలోనికి కట్టెలకు మారుగా తన కాలిని పెట్టి వంట చేయుచుండగా హాలు హాలంతయు కెవ్వుమని, వెనువెంటనే పకపక నవ్వినది. మన ఇండ్లలో ఆ దృశ్యమును చెప్పుకొననివారు లేరు. కాల్షీట్లు ఇచ్చుటకు బిగిసికొన్న నటుని పాత్రను ఆయన మునిశాపముచేత చిలుకనో మేకనో చేసి కథను నడపించెడివారని పరిశ్రమలో చెప్పుకొందురు. అది నిజమైనను కాకున్నను, అట్టి కథ ఆయన మీదనే పుట్టుట ఆయన పొదుపునకు గౌరవము.

పునరుక్తి విచారము

ఇచ్చట విమర్శకులు తీవ్రమైన దోషమొకటి ఎత్తుదురు. 1968లో వచ్చిన గమేరా–విరాస్ చిత్రమునకు వ్యయమును బాగుగా కోసివేయుటచేత, ఆకాశమునుండి వచ్చిన శత్రువులు తాబేటి జ్ఞాపకములను శోధించుచున్నారను మిషతో వెనుకటి చిత్రములలోని పోరాటములను మరల చూపిరి. అంతటితో ఆగక, శత్రువుల వశమైన తాబేలు టోక్యోను ధ్వంసము చేయు ఘట్టమునకు 1965 నాటి ముక్కలనే వాడుటచేత, రంగుల చిత్రము నట్టనడుమ ఊరు నలుపు తెలుపుగా మారి, మరల రంగులు తెచ్చుకొనును. 1980 నాటి చిత్రములో పోరాటములు ఇంచుమించుగా అన్నియు పాతవే.

ఇది పునరుక్తి దోషమందురా? గ్రంథ తాత్పర్యమును నిర్ణయించుటకు మన పెద్దలు చెప్పిన షడ్లింగములలో అభ్యాస మొకటి. ఏది మరల మరల చెప్పబడునో అదియే గ్రంథమునకు తాత్పర్యము. ఛాందోగ్యమున ఒకే మహావాక్యమును తొమ్మిది మారులు చెప్పినచో పరవశించువాడు, తాబేలు ఒకే మేడను రెండు చిత్రములలో కూల్చినచో ఏల ముఖము చిట్లించవలెను? ఈ సమాధానము నిర్మాతకు తట్టియుండదు. వానికి తట్టినది ఖర్చుల పద్దు. అయినను వ్యాఖ్యాతకు మూలకర్త ఉద్దేశములతో పని యేమి?

వేల్పు

తాబేటిని వేల్పనుట అతిశయోక్తి యని ఇతర ప్రాంతములవారు తలంచిన తలంపనిండు, మాకు కాదు. బరంపురమునుండి దక్షిణముగా రైలెక్కి శ్రీకాకుళము చేరి, అచ్చటికి దగ్గరనే యున్న శ్రీకూర్మమునకు పోయినచో, కూర్మనాథుడు గర్భాలయమున అర్చనలందుచుండును. ఆవరణలో నక్షత్ర తాబేళ్లు ఆకుకూరలు నమలుచుండును. ఉత్తరముగా పోయినచో ఋషికుల్యా నది సముద్రమున కలియుచోట, ఫాల్గుణపు రోజులలో, ఆలివ్ రిడ్లే జాతి ఆడతాబేళ్లు వేలకు వేలు రాత్రివేళ ఒడ్డెక్కి, వెనుక కాళ్లతో ఇసుకలో కుండవంటి గుంట త్రవ్వి, ఒక్కొక్కటి నూటికి అటునిటుగా గ్రుడ్లు పెట్టి, కన్నుల నీరు కార్చుచు మరల నీటిలోనికి పోవును. నెలన్నర రెండు నెలలకు పిల్లలు వెలువడి వెలుగువైపు పరుగెత్తును. సముద్రపు వెలుగుకు మారుగా ఊరి దీపములవైపు పోకుండ పల్లెలవారు దీపములార్పి, దారి తప్పినవానిని తట్టలలో ఎత్తి నీటియొద్ద విడుతురు. ఇట్టి తీరమునవారికి తాబేలు రక్షకుడను మాట కంటె తాబేటికి మనము రక్షకులమను మాటయే ముందు తోచును.

జపాను చిత్రమునను వరుస యిదియే. ఉత్తర ధ్రువమున అణుబాంబు ప్రేలుటచేత మంచులోనుండి మేల్కొనిన గమేరా ఊళ్లను కాల్చుచు వచ్చును. ఇంట పెంచుకొన్న చిన్న తాబేటిని వదలివేయుమని అక్క కోపపడగా మనసు చిన్నబుచ్చుకొన్న తోషియో అను బాలుడు, ఈ మహాకూర్మమును చూచి, తనదే పెరిగి వచ్చినదని నమ్మును. దీపస్తంభము కూలి వాడు పడిపోవుచుండగా గమేరా అరచేత పట్టి దించును. నిజము చెప్పవలెనన్న ఆ స్తంభమును పడగొట్టినదియు గమేరాయే. తర్కము ఇచ్చట తోకముడుచును, భక్తి తలయెత్తును. పెద్దలు దానిని రాకెట్టులో బంధించి అంగారక గ్రహమునకు పంపివేయుదురు; పిల్లవాడు మాత్రము వీడ్కోలు చెప్పును. తరువాతి చిత్రములలో పెద్దల మాట క్రమముగా సన్నగిల్లి, గమేరా పిల్లలందరికిని నేస్తమై స్థిరపడినది. 1969 నాటి చిత్రమున తల కత్తియైన గుయిరన్‌తో పోరుచు, నడుమ ఒక లోహదండమును పట్టుకొని సర్కసువానివలె గుండ్రముగా తిరుగును. ఆ ఘట్టమునకు కథాపరమైన ప్రయోజనము ఇసుమంతయు లేదు. లోపలి నటునికి మాత్రము చేతులు ఎంత నొప్పి పెట్టి యుండునో! అట్లు నిష్ప్రయోజనముగా తిరుగుటను మన శాస్త్రములు లీల యన్నవి.

వెతలు

ఎవరి వెతలు? చూచినవారివి. దూరినవానివి కావు, వానికి వెత అప్పుడే మొదలగును. అయినను ఇందు ఒక మినహాయింపు చెప్పక తప్పదు. గంజాముననే, జలంతర ప్రభువు రామకృష్ణ ఛోటరాయని పేర పందొమ్మిదవ శతాబ్దమున వెలసిన ప్రహ్లాద నాటకము నేటికిని ఆడబడుచున్నది. మెట్లు మెట్లుగా అమర్చిన సింహాసనము మీద హిరణ్యకశిపుడు ఎక్కుచు దిగుచు రాత్రియెల్ల గర్జించి, తుదకు నరసింహుడు వెడలువేళకు జనము లేచి నిలుచును. ఆ నరసింహ ముఖము పూజలందుకొనునది. దానిని ధరించినవానికి ఆవేశము వచ్చును. నలుగురు నాలుగు వైపుల పట్టుకొనకున్నచో హిరణ్యకశిపుని వేషధారికి ప్రాణభయము. అచ్చట తీగె లేదు, చెప్పులు లేవు, అప్పు పత్రము లేదు. మనిషి నిజముగనే లోపల కనుమరుగగును. అది మహత్తరమైనది, కాదనము. కాని నరసింహుని యెదుట మజ్జిగ మాట ఎత్తుటకు మా మేనత్తకైనను నోరు రాదు. మా పద్యమునకు లక్ష్యము ఎద్దు, పులి, తాబేలు. మజ్జిగ త్రాగగల దైవములు.

దాయెయ్ సంస్థ 1971 డిసెంబరులో దివాలా తీసినది. పిదప కాలమున జపాను రాకాసులు మరల వచ్చినవి. యంత్రగణకముల సాయముతో వచ్చినవి. 2023లో తోహోవారు విడుదల చేసిన గాడ్జిల్లా మైనస్ వన్, అమెరికా చిత్రముల వ్యయముతో పోల్చిన చిల్లర పైకముతో, చిన్న బృందముతో తయారై, మరుసటి యేడు మార్చిలో దృశ్యమాయలకు ఆస్కారును గెలిచినది. మేమును చూచితిమి. సముద్రమున పడవ వెనుక ఈదుచు వచ్చు ఆ తల మీద ప్రతి గరుకును స్పష్టముగా కనబడుచున్నది, భయమును కలిగినది, కొన్నిచోట్ల కన్నీరును వచ్చినది. మేనకోడలు మాత్రము చిత్రమంతయు చూచి, లోపల ఎవరున్నారని అడిగినది. ఎవరును లేరమ్మా అంటిమి. ఆ చిత్రమునకు టీక వ్రాయుటకు వేరొకరు పూనుకొనవలెను. మా పద్యమున మూడవ పాదము దానికి చెల్లదు.